‘థైరాయిడ్ ఉంది’ అన్న మాట

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి మా వదిన ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చేసే మనిషి, అందుకే ఏదో అయ్యిందనుకుని స్టవ్ కట్టేసి ఎత్తాను. "పాపకి థైరాయిడ్ వచ్చిందట" అంది, ఆ తర్వాత మాట రాలేదు, ఏడుపు వచ్చింది. పాప అంటే నా మేనకోడలు. 26 ఏళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆఫీసువాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో, థైరాయిడ్ కోసం చూసే టీఎస్‌హెచ్ అనే అంకె 5.9 వచ్చింది. ఆ ల్యాబ్ కాగితం మీద పై హద్దు 4.2. ఫోన్‌లో మాట్లాడిన డాక్టరు మూడు నాలుగు నిమిషాల్లో 25 మైక్రోగ్రాముల థైరాయిడ్ హార్మోను మాత్ర రాసి, ఇది జీవితాంతం వాడాలమ్మా అని చెప్పారట.

వదిన ఏడ్చింది మాత్ర గురించి కాదు. విజయవాడ సంబంధం ఒకటి మాటల్లో ఉంది. "చెప్తే పిల్లలు పుట్టరేమోనని వెనక్కి పోతారు. చెప్పకపోతే రేపు మీరు దాచారంటారు. నువ్వు పదకొండేళ్ళ నుంచి వేసుకుంటున్నావు కదా, ఏం చేయమంటావు చెప్పు" అంది. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమని, అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని అన్నాను.

ఆ రోజంతా నన్ను పట్టుకున్నది ఆ 5.9 కాదు, ‘థైరాయిడ్ ఉంది’ అన్న మాటే. థైరాయిడ్ అందరికీ ఉంటుంది, గొంతు ముందు సీతాకోకచిలుకలా అతుక్కుని ఉండే గ్రంథి అది, కాబట్టి అలా అనకూడదు అని వ్యాకరణం చెప్పడం నా ఉద్దేశం కాదు. జనం అన్నట్టే నేనూ అంటాను. నా బాధ వేరు. మా పెద్దమ్మకి వచ్చినదాన్నీ ఇదే మాటతో పిలిచాం, మేనకోడలి కాగితం మీద వచ్చినదాన్నీ ఇదే మాటతో పిలుస్తున్నాం. ఆ రెండూ ఒకటి కావు. ఒకటి అనుకోవడం వల్లే మా ఇంట్లో మాత్ర ఆపకూడని మనిషి ఆపేసింది, అంత తొందరగా మొదలుపెట్టక్కర్లేని పిల్లకి ఏకంగా జీవితాంతమని చెప్పేశారు.

పెద్దమ్మ మాట ముందు

మా పెద్దమ్మది అమలాపురం దగ్గర ఊరు. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, పాలు పితికించి, ఎనిమిదింటికల్లా పదిమందికి ఉప్మా చేసిపెట్టే మనిషి. ఆవిడ నెమ్మదించడం ఒక్క రోజులో జరగలేదు, అందుకే ఎవరికీ కనపడలేదు. మొదట మలబద్ధకం. తర్వాత చేతివేళ్ళు తిమ్మిర్లు. తర్వాత ముఖం, కళ్ళ కింద ఉబ్బు. నీరు పట్టిందని ఊళ్ళో ఆర్‌ఎంపీ నీరు పోయే బిళ్ళలు ఇచ్చాడు. ఆ బిళ్ళలకి ఆ ఉబ్బు తగ్గలేదు. కొలెస్ట్రాల్ ఎక్కువుందని దానికొక మందు, మోకాళ్ళకి ఇంకొకటి. ఒకసారి నేను ఫోన్ చేస్తే పెదనాన్న గొంతనుకుని "పెద్దమ్మ లేదా?" అని అడిగాను. "నేనేనే" అంది. అంత బొంగురు. ఆ వేసవికి వెళ్ళినప్పుడు, మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపించి దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ కాయ చేతిలో ఉండగానే కునుకు తీసేది. కోడళ్ళు వయసు అన్నారు. పెదనాన్న బద్ధకం అన్నారు. నేను, అప్పటికే ఆరేళ్ళుగా ఇదే మాత్ర వేసుకుంటున్నదాన్ని, నేను కూడా పెద్దవయసేలే అనుకున్నాను. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కనిపెట్టినది అమలాపురంలో ఒక కుర్ర డాక్టరు, అదీ కళ్ళు తిరుగుతున్నాయని తీసుకెళ్తే. నాడి చూశాడు, 50 కూడా లేదు. ఆవిడ్ని కుర్చీ మీద మోకాళ్ళపై నిలబెట్టి, చిన్న సుత్తితో మడమ పైన గట్టిగా ఉండే నరం మీద తట్టాడు. పాదం టక్కున కదిలింది గానీ తిరిగి వెనక్కి రావడం మాత్రం నెమ్మదిగా, బరువుగా వచ్చింది. ఆయన మా అన్నయ్యని పిలిచి మళ్ళీ తట్టి చూపించాడట. ఈ కాలు చెప్తోంది సార్, రక్తం తీయిద్దాం అన్నాడట. టీఎస్‌హెచ్ ‘100 కన్నా ఎక్కువ’ అని వచ్చింది, ఆ మెషీను అంతకుమించి కొలవదు. థైరాయిడ్ చేసే హార్మోను, ఫ్రీ టీ4, అడుగంటింది.

వయసు 68, గుండె నెమ్మదిగా ఉంది కాబట్టి 25 తో మొదలుపెట్టి నెలల మీద మెల్లగా 100 దాకా పెంచారు. మూడో నెలకి ఉంగరం వదులైంది. ఆ తర్వాత గొంతు తిరిగొచ్చింది. ఆ ఏడు సంక్రాంతికి అరిసెల పాకం ఆవిడే పట్టింది.

ఆపై ఒక రిపోర్టులో టీఎస్‌హెచ్ 2.8, నార్మల్ అని వచ్చింది. పక్కింటావిడ "థైరాయిడ్ తగ్గిపోయింది కదా పెద్దమ్మగారూ, మా చెల్లెలు కూడా ఆపేసింది, ఏమీ కాలేదు" అంది. ఈవిడా ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు, బిళ్ళ తగ్గితే మంచిదే కదా అనుకుంది. ఐదు నెలలకి, డిసెంబరు చలిలో, పిలిస్తే పలకని స్థితిలో కాకినాడ తీసుకెళ్ళారు. ఐసీయూలో తొమ్మిది రోజులు.

మా పెద్దమ్మ తప్పేమీ లేదు. రిపోర్టులో నార్మల్ అని ఉంది. ఆ నార్మల్ మాత్ర తెచ్చిన నార్మల్ అని, గ్రంథి పని మానేసింది కాబట్టి అది చేయాల్సిన పనిని బిళ్ళ చేస్తోందని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, అంటే చూపు వచ్చేసిందని జోడు తీసి పారేస్తామా అని నేను తర్వాత చెప్తే, "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదే" అంది.

1891 లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు మొదటిసారి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఇలాంటి జబ్బుతోనే ఉన్న ఒకావిడకి సూదితో ఎక్కించాడు. అప్పటిదాకా ఈ జబ్బు ముదిరితే చేయగలిగింది లేదు, మనిషి మెల్లమెల్లగా మొద్దుబారి పోవడమే. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు రోజుకి రెండు మూడు రూపాయల బిళ్ళ అదే పని చేస్తుంది. పెద్దమ్మకి ఉన్నదాన్ని నేను జబ్బు అంటాను, పూర్తి అర్థంలో జబ్బు.

ఆ అంకె ఎక్కడిది

ఇక మేనకోడలి సంగతి. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసే హార్మోను కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, ఇంకొంచెం పని చెయ్యమని థైరాయిడ్‌కి పంపే కబురు అది. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ గొంతు పెంచుతుంది, అంకె పెరుగుతుంది. అంకె పెరిగి, ఫ్రీ టీ4 కూడా తగ్గితే అది పెద్దమ్మ జబ్బు. అంకె కాస్త పెరిగి టీ4 మామూలుగానే ఉంటే, అరవాల్సి వస్తోంది గానీ పని జరుగుతోందన్న మాట. దీన్నే డాక్టర్లు సబ్‌క్లినికల్ అంటారు. మన ఇళ్ళల్లో మాత్రం రెండూ ‘థైరాయిడే’.

పైగా ఆ కబురు రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. జ్వరం వచ్చి తగ్గుతున్న రోజుల్లో కొంతమందికి కొన్నాళ్ళు పెరిగి మళ్ళీ దిగుతుంది. మా పిల్లని అడిగితే రక్తం ఇచ్చే పది రోజుల ముందే వైరల్ ఫీవర్‌తో నాలుగు రోజులు పడుకుందట. ఆ సంగతి డాక్టరుకి చెప్పావా అంటే, "అడగలేదత్తా" అంది. ఈ ఒక్క మాట దగ్గర నాకు చాలా కోపం వచ్చింది. ఆ డాక్టరు మీదనే కాదు. మూడు నిమిషాల్లో ఎవరు మాత్రం ఏం అడుగుతారు? కోపం ఈ పద్ధతి మీద. అరవై టెస్టులు వెయ్యి రూపాయలకి చేసి, ఏ అంకె హద్దు దాటినా మందంగా అచ్చేసి ఫోన్‌కి పంపిస్తారు. ఆ అంకె వెనక మనిషి ఎలా ఉందో అడగడానికి మాత్రం ఆ ప్యాకేజీలో చోటు లేదు.

పరిస్థితి ఒకవైపే ఉందని నేననడం లేదు. హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో 5,360 మందిని పరీక్షించి 2013 లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు 11 శాతం మందికి హైపో, అంటే థైరాయిడ్ మందగించడం, ఉంది, వాళ్ళలో సుమారు మూడో వంతుకి ఆ పరీక్షదాకా ఆ సంగతే తెలియదు. సబ్‌క్లినికల్ విడిగా లెక్కేస్తే 8 శాతం. నగరాల్లోనే మూడింట ఒకరికి తెలియకపోతే, మా పెద్దమ్మ ఊళ్ళో టెస్టుకే పోని ఆడవాళ్ళ మాటేమిటి? అవసరమైనవాళ్ళకి టెస్టు అందదు, ఏటా టెస్టు చేయించుకునేవాళ్ళకి చిన్న అంకెకే మాత్ర పడుతుంది. నాకు కనిపిస్తున్నది ఇది.

చిన్న అంకెకి మాత్ర వేస్తే నష్టమేంటి?

ఇది మా ఆయన అడిగిన ప్రశ్న, మంచి ప్రశ్నే. చవక బిళ్ళ, ఒంట్లో ఉండేదే కదా, వేసుకుంటే పోలా?

ముందు, పని చేస్తుందా అన్నది. 65 ఏళ్ళు దాటి, తేలికపాటి సబ్‌క్లినికల్ ఉన్న 737 మంది మీద యూరప్‌లో పెద్ద ట్రయల్ ఒకటి చేశారు. సగంమందికి నిజమైన మాత్ర, సగంమందికి ఉత్తి బిళ్ళ. 2017 లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత అలసటలో గానీ, హైపో లక్షణాల్లో గానీ రెండు గుంపులకీ తేడా లేదు. 2019 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక నిపుణుల బృందం ఇంకో అడుగు వేసి, సబ్‌క్లినికల్ ఉన్న వయోజనులకి ఈ మాత్ర మామూలుగా ఇవ్వొద్దని గట్టిగానే రాసింది. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్ళు ఇందులోకి రారని, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్ళకి, చిన్నవయసువాళ్ళకి ఇది వర్తించకపోవచ్చని కూడా రాసింది. మా మేనకోడలిది చిన్న వయసు కాబట్టి, ఆ సలహాని ఆ పిల్లకి యథాతథంగా అంటగట్టడం తప్పని నాకు తెలుసు. చాలామంది డాక్టర్లు 10 దాటితే ఇస్తారు, 10 లోపైతే మనిషిని బట్టి చూస్తారు. ఆ ‘మనిషిని బట్టి’ అన్నదే నేను అడుగుతున్నది.

ఇక నష్టం మాటకొస్తే, డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, నెలసరి ఆగిన ఆడవాళ్ళకి ఎముకలు పలచబడతాయి. అంతకన్నా నాకు భయం వేసేది ఇంకొకటి. నీరసానికి ‘థైరాయిడ్’ అని పేరు పెట్టేశాక అసలు కారణం ఎవరూ వెతకరు. రక్తం తక్కువా, బీ12 లేదా, నిద్ర లేదా, ఇంట్లో ఏదైనా నలుగుతోందా, దిగులు జబ్బా? అన్నీ ఆ ఒక్క మాట కిందకి వెళ్ళిపోతాయి. బరువు సంగతి కూడా అంతే. హైపో వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలు, అదీ చాలావరకు నీరు, ఉప్పు. ఇరవై కిలోలు పెరిగి థైరాయిడ్ అన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు, మాత్ర మొదలుపెట్టి ఏడాదైనా తగ్గలేదని కుమిలిపోయినవాళ్ళూ తెలుసు.

కానీ ఇక్కడ నాకు నా మీదే అనుమానం వస్తుంది. ఆడది నీరసం అంటే బద్ధకం అని, ఒళ్ళునొప్పులంటే వయసు అని పెద్దమ్మని ఏళ్ళ తరబడి తోసేశాం. ఇప్పుడు నేను ‘చిన్న అంకెకి కంగారుపడొద్దు’ అని రాస్తే, రేపు ఏ ఇంట్లోనో ఒకమ్మాయి నిజంగా లేవలేక పడుకుంటే ఇదే వాక్యం ఆ అమ్మాయి మీదకి రాదా? వస్తుంది. మా అపార్టుమెంటులో ఒకావిడకి టీఎస్‌హెచ్ 7 వచ్చినప్పుడు నేనే, చదివిన ధీమాతో, ఏం పర్లేదండీ అన్నాను. ఆవిడకి యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీదకి పోయే యాంటీబాడీలు, పాజిటివ్ అని అప్పుడు నాకు తెలియదు. రెండేళ్ళకి 14 అయింది, ఈలోగా ఆవిడ నెలసరికి పది రోజులు రక్తం పోయి అల్లాడింది. ఆవిడ నన్నేమీ అనలేదు గానీ, ఆ తర్వాత ఎవరికీ నోటిమాటగా పర్లేదని చెప్పడం మానేశాను. ఉత్తర ఇంగ్లండులో విక్‌హామ్ అనే చోట జనాన్ని 20 ఏళ్ళు వెంబడించి చూస్తే, టీఎస్‌హెచ్ ఎక్కువై యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్ళలో ఏటా నూటికి నలుగురికి పూర్తి హైపో వచ్చింది. అంటే యాంటీబాడీలు ఉంటే రావచ్చు, తప్పక రావాలని లేదు. ఆగి చూడటమంటే రిపోర్టుని సొరుగులో పడేసి మరిచిపోవడం కాదు, రెండు మూడు నెలలకి ఫ్రీ టీ4 తో, యాంటీ టీపీఓ తో కలిపి మళ్ళీ రక్తం ఇవ్వడం.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. జబ్బు నిజంగా ఉండి, మాత్ర వేసుకుని, అంకె నార్మల్‌కి వచ్చి కూడా మునుపటి ఓపిక రాలేదనేవాళ్ళు ఉన్నారు. కొందరికి టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను కూడా కలిపి ఇస్తే బాగుంటుందా అన్నదాని మీద డాక్టర్ల మధ్యే వాదన నడుస్తోంది. అలాంటివాళ్ళతో ‘నీ రిపోర్టు బావుంది, నువ్వు బావున్నట్టే’ అనడం కూడా మనిషిని వదిలేసి అంకెని చూడటమే.

కాఫీకి ముందు

మాత్ర అవసరమని తేలినవాళ్ళ గురించి. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, బిళ్ళ రాయడం కంటే అది లోపలికి చేరేలా చూడటం కష్టం. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగాలి. ఇది అందరూ చెప్తారు. కాఫీ కూడా ఆ లెక్కలోకే వస్తుందని చాలామందికి తెలియదు, టిఫిన్‌కి ముందు అంటే సరిపోతుందనుకుంటారు. మా అత్తగారు బిళ్ళని కాఫీ గుటకతోనే మింగేవారు. నాలుగుసార్లు పవర్ పెంచారు, 50 నుంచి 112 దాకా. చివరికి ఆవిడ పక్కన ఒక పొద్దున్న కూర్చున్న నర్సు చూసి చెప్పింది. కాఫీ వెనక్కి జరిపాక డోసు మళ్ళీ దించాల్సి వచ్చింది. ఐరన్, కాల్షియం బిళ్ళలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. కానీ మన ఇళ్ళల్లో అన్నీ ఒకే డబ్బాలో, ఒకే గుప్పిట్లో పోతాయి. పొద్దున్న కుదరనివాళ్ళు రాత్రి, తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు, డాక్టరుకి చెప్పి.

నా సొంత సంగతి ఒకటి. రెండేళ్ళ క్రితం జుట్టు రాలుతోందని బయోటిన్ గోళీలు మొదలుపెట్టాను. తర్వాతి టెస్టులో టీఎస్‌హెచ్ 0.1, టీ4 ఎక్కువ. డాక్టరు చూసి నా 75 ని 50 కి దించారు. రెండు నెలల్లో నాకు మెట్లెక్కడం కూడా బరువైంది. చాలా ల్యాబుల్లో వాడే పరీక్ష పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4 ని ఎక్కువగా చూపిస్తుందని నాకు తెలియదు. ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. జుట్టుకోసం వేసుకునేది మందని నాకు తోచలేదు. గోళీలు ఆపి కొన్ని రోజులాగి టెస్టు చేయిస్తే అంకె 6 కి పోయింది, మళ్ళీ 75 కి వచ్చాను. జుట్టు మందులు వాడేవాళ్ళు రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి చెప్పండి, రెండు మూడు రోజుల ముందు ఆపాలా అని అడగండి.

డోసు మార్చిన పదిహేను రోజులకే టెస్టుకి పరిగెత్తేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ హార్మోను ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, పిట్యూటరీ సర్దుకోవడానికి ఇంకొన్ని వారాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే ఆ అంకెకి అర్థం.

ఉప్పు, క్యాబేజీ

మా పిల్లకి ‘థైరాయిడ్’ అని తెలిసిన వారంలోపే మా చుట్టాల్లో ఒకరు క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్యమన్నారు, ఇంకొకరు మామూలు ఉప్పు మానేసి పింక్ సాల్ట్ వాడమన్నారు. వండుకుని మామూలుగా తినే క్యాబేజీతో ఏమీ కాదు. పింక్ సాల్ట్ మాట మాత్రం నాకు నొప్పిగా ఉంటుంది. కారణం చెప్తాను.

శ్రీకాకుళంలో 1921 లో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956 లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక పని మొదలుపెట్టారు. అక్కడ ఊళ్ళకి ఊళ్ళు గొంతు కింద కాయలతో ఉండేవి. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపారు. ఐదారేళ్ళలో ఆ రెండు చోట్లా ఆ కాయలు, అంటే గాయిటర్, బాగా తగ్గిపోయింది. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962 లో మొదలైంది. ఆ ఉప్పు ప్యాకెట్టు మీద కనిపించే అయోడిన్ అన్న మాట వెనక మన శ్రీకాకుళం మనిషి శ్రమ ఉంది. అయోడిన్ ఉప్పు తినే మన పట్టణాల్లో ఇప్పుడు పెద్దవాళ్ళకి వచ్చే హైపోకి ఎక్కువగా కారణం అయోడిన్ లోపం కాదు, ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద పడటం. జపాన్ డాక్టరు హషిమోటో 1912 లో రాసిన జబ్బు ఇది. కాబట్టి ఉప్పు ఎక్కువ తింటే తగ్గదు. అలాగని అయోడిన్ కలపని పింక్ సాల్ట్ లాంటి ఉప్పుకి ఇంటిల్లిపాదీ మారిపోతే, ఆ ఇంట్లో కడుపుతో ఉన్న కోడలికి, పుట్టబోయే బిడ్డకి నష్టం.

కడుపుతో ఉన్నవాళ్ళకి నేను పైన చెప్పిన ‘ఆగి చూద్దాం’ వర్తించదు. మొదటి మూడు నెలల్లో బిడ్డ తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. ముందే మాత్ర వాడుతున్నవాళ్ళకి నెల తప్పిందని తెలియగానే డోసు పాతిక, ముప్ఫై శాతం పెంచాల్సి రావచ్చు, వెంటనే డాక్టరుని కలవాలి. అంకె హద్దుల మీద అక్కడ కూడా మార్పులు వచ్చాయి. అమెరికా థైరాయిడ్ సంఘం 2011 లో మొదటి మూడు నెలలకి 2.5 అన్నది, 2017 లో ఆ పట్టు సడలించింది. పుట్టిన బిడ్డకి రెండో మూడో రోజున మడమ నుంచి తీసే చుక్క రక్తం గురించి మాత్రం ఏ సడలింపూ లేదు. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయని బిడ్డకి మొదటి రెండు వారాల్లో మందు పడితే మామూలుగా ఎదుగుతుంది, నెలలు గడిస్తే పోయిన బుద్ధి తిరిగిరాదు. డిశ్చార్జి రోజున బిల్లు చూసే హడావిడిలో ఈ టెస్టు చేశారా అని ఒక్కరైనా అడగాలి.

విజయవాడవాళ్ళకి

మేనకోడల్ని ఇక్కడ ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి ముందు మెడ తడిమి చూసింది, నెలసరి అడిగింది, జ్వరం సంగతి అడిగింది, ఏం తింటావని అడిగింది. పిల్ల మధ్యాహ్నం పూట ఏమీ తినదని నాకు అప్పుడే తెలిసింది. కొన్న సీసా ఇంకా విప్పలేదు కాబట్టి అలాగే ఉంచమంది. జ్వరం తగ్గి ఎనిమిది వారాలు నిండాక రక్తం ఇవ్వమంది, ఆ గడువు పోయిన గురువారానికి అయింది. టీఎస్‌హెచ్ 3.6. ఫ్రీ టీ4 మామూలు. యాంటీ టీపీఓ నెగటివ్. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ అడుగున. పిల్ల చెప్పిన జుట్టు రాలడానికి, నీరసానికి కారణం అది. ఐరన్ రాసింది, ఏడాదికి ఒకసారి టీఎస్‌హెచ్ చూడమంది, పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే ఒకసారి చూపించమంది.

వదిన వెంటనే "అయితే ఏమీ లేదు కదా, వాళ్ళకి చెప్పక్కర్లేదు కదా" అంది. నేను అవునన్నాను, తర్వాత సరిపోలేదనిపించింది. ఉండి ఉంటే? నాకు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, రెండోదాని తర్వాత వచ్చింది. మా పెద్దమ్మకి ఉంది, ఈ ఏడాది కూడా అరిసెలు పట్టింది. మాత్ర వేసుకుంటూ సరైన డోసులో ఉన్న ఆడపిల్లకి గర్భం రాదన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది, దాని వల్ల పెళ్ళి ముందు మాత్ర దాచేవాళ్ళు, అత్తారింట్లో ఎవరూ చూడకూడదని వేసుకోవడమే మానేసేవాళ్ళు ఉన్నారు. హాని చేసేది ఆ మానెయ్యడమే. ఈ మాటలన్నీ వదినతో అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి భోజనాలయ్యాకే. అబ్బాయి వాళ్ళమ్మగారితో మాటల్లో రక్తం తక్కువుందని ఐరన్ వాడుతోందని చెప్పిందట. ఆవిడ, మా అబ్బాయి కూడా రెండేళ్ళ నుంచి థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నాడండీ, మీకెలా చెప్పాలా అని చూస్తున్నాం అన్నారట. ఎంత పవర్ అని వదిన అడిగిందట. 88 అట. పరగడుపున వేసుకుంటాడా, కాఫీతో వేసుకుంటాడా కనుక్కోమన్నాను.